ఉప్పు ఉస్తాద్‌ది

ఫిబ్రవరి 10, సోమవారం

ఇయ్యాల్టి సంది రాస్తున్న. ఎందుకంటె ఇంట్ల నేను ఏం మాట్లాడినా "నిన్ననే చెప్పినవ్ కద" అంటున్రు. కొడుకు అంటడు, కోడలు అంటది. నేను చెప్పలే అంట. చెప్పినవ్ అంటరు. వాళ్ళిద్దరు, నేనొక్కన్ని. కాయితం మీద ఉంటె నాకు నేనే చూస్కుంట.

అక్షరాలు రాత్రి బడిల నేర్చుకున్నయి. ఒత్తులు తప్పుతయి. చదివేది నేనే కద.

పేరు పర్వతాలు. ఊరు రావల్కోల్. పని వంట. మేడ్చల్ కెల్లి శామీర్‌పేట దాక యాట కూర అంటె నన్నే పిలుస్తరు. గీ సంగతి నాకెర్కే గని, మొదలు పెట్టినప్పుడు రాయాలె అని రాసిన.

ఫిబ్రవరి 11, మంగళవారం

పొద్దుగాల లేవంగనే కోడలు దీప కాటా తెచ్చి ముంగట పెడ్తది. "ఎక్కు మామా" అంటది. యాటను కోసేముందు ఒక్కసారే తూస్తరు. నన్ను రోజు తూస్తున్రు, కోసుడు మాత్రం లేదు. బరువు పెరిగితె ఒంట్ల నీళ్ళు నిలిచినట్టంట. తగ్గితె మంచిదంట. మా కాలంల మనిషి బరువు తగ్గితె అయ్యో అనేటోళ్ళు.

తాగే నీళ్ళు సీసల కొలిచి పెడ్తది. చాయ్, సల్ల, చారు అన్ని గా సీస లెక్కలనే. ఉప్పైతే అసలే లేదు. పప్పుల లేదు, కూరల లేదు.

గిది కూర కాదు, కూర ఫోటో అన్న.

దీప ఇంకో గరిటె ఏసింది.

నా భార్య దుర్గాబాయి బతికున్నన్ని దినాలు నేను వండింది తిన్నది గని, నాకు వండిపెట్టే ధైర్యం చెయ్యలే. దీపకు ధైర్యం ఎక్కువ.

ఫిబ్రవరి 13, గురువారం

మేడ్చల్‌ల గుండె డాక్టర్ దగ్గరికి పోయినం, నేను, దీప. ఛాతి మీద బిళ్ళలు అతికిచ్చి కాయితం తీసిండు. గీతలు చూసి, "పెద్దాయనా, నీ గుండెకు ఒక లెక్క లేదు. దానికి ఇష్టమొచ్చినప్పుడు కొట్టుకుంటాంది" అన్నడు.

నేను కూడ గంతే, ఒకలు చెప్తె వినేటోన్ని కాదు అన్న.

నవ్విండు. దీప నవ్వలే.

గుండె బలం కూడ తగ్గిందంట. నెత్తురు సరింగ దొబ్బదు, కాళ్ళల్ల నీరు దిగుతది, ఊపిరాడదు. తలకాయకు ఎక్కే నెత్తురు కూడ తక్కువే, దాన్తోని యాది తప్పుతది, మనిషి వట్టిపోతడు. ఇదంత దీపకు చెప్తున్నడు. నేను పక్కన్నే కూసున్న. నాకు చెప్పొచ్చు.

పిడికిలి బలం చూస్తనని ఒక చిన్న మిషన్ చేతికిచ్చి పిసుకుమన్నడు. పిసికిన. సూది కదల్లే. మిషన్ ఖరాబున్నది.

తర్వాత మూడు మాటలు చెప్పిండు. యాది పెట్టుకోమన్నడు. ఇయ్యాల ఏ వారం, ఏ నెల అని ఏమేమో అడిగి, మల్ల తిరిగి ఆ మూడు మాటలు ఏంది అన్నడు. చెప్పినోడు నువ్వు, నన్ను అడుగుతవేంది, నువ్వు యాది పెట్టుకోవాలె గని అన్న.

నాకు మర్పు లేదని చూపెట్టనీకె వంద మందికి బగారల ఏమేం పడ్తయో గడగడ చెప్పిన. సాజీర, లవంగం, దాల్చినచెక్క, పుదీన, ఉల్లిగడ్డ, అల్లమెల్లిగడ్డ, నూనె, నెయ్యి. ఒక్కటి మర్వలే. డాక్టర్ కూడ మెచ్చుకున్నడు.

బయటికొచ్చినంక దీప అన్నది, "మామా, బియ్యం చెప్పలే."

బియ్యం చెప్తరా ఎక్కడన్న. బగార అంటెనే బియ్యం.

మంట కాడ నిలబడొద్దు, బరువు ఎత్తొద్దు అన్నడు. "వంటలకే పోవద్దని చెప్పున్రి సార్" అన్నది దీప. సార్ నా మొఖం చూసి, మెల్లగ తగ్గియ్యి అన్నడు. తెలివైనోడే.

ఫిబ్రవరి 14, శుక్రవారం

కాళ్ళు వాచినయి. చెప్పులు చిన్నగైనయి.

ఫిబ్రవరి 18, మంగళవారం

దీప వాళ్ళ నాయిన యాదయ్య శామీర్‌పేట కెల్లి వచ్చిండు. మార్చి 23 ఆదివారం వాళ్ళింట్ల ఎల్లమ్మ పండుగ. రెండు యాటలు కోస్తరంట.

"బావా, వంట నువ్వే చెయ్యాలె" అన్నడు.

లోపలికెల్లి దీప, "నాయినా, మామకు పానం బాగలేదు. ఎర్కుండి అడుగుతవేంది" అన్నది.

యాదయ్య గడ్డం గోక్కున్నడు. "అడగకపోతె బావ మనసుల పెట్టుకుంటడని అడిగిన బిడ్డా."

"అంటె నేను రానంట అనుకొని అడిగినవా?"

"అట్ల కాదు బావా."

"ఎట్ల మరి?"

చాయ్ తాగుకుంట కూసున్నడు.

వస్త అన్న. ఇగ తిరుగుడు లేదు.

గీ పండుగ వదిలిపెడితె మల్ల ఎవ్వడు పిలువడు. పర్వతాలు పనైపోయింది, సొంత వియ్యంకుడే పిలువలే అంటరు. శామీర్‌పేటల పగటీలి మొదలైన మాట పొద్దుగూకే వరకు మేడ్చల్‌ల ఉంటది. మనిషి పోయినా మంచిదే గని పేరు పోవద్దు.

దీప రాత్రి బువ్వ పెట్టి మాట్లాడలే. మాట్లాడకుంటె ఇంట్ల సల్లగ ఉంటది.

ఫిబ్రవరి 20, గురువారం

యాదగిరి ఫోన్ చేసిండు. ఇరువై ఏండ్ల సంది నా చేతి కింద పనిచేసేటోడు. వంట డేగిశలు, బట్టీ పొయ్యిలు, కట్టెలు అన్ని తానే తెస్త, నువ్వు వచ్చి నిలబడు ఉస్తాద్ అన్నడు. మంచోడు. ఎక్కువ మాట్లాడడు.

ఫిబ్రవరి 22, శనివారం

యాదగిరి ఫోనే చెయ్యడు. ఇరువై ఏండ్లు పని నేర్పిచ్చిన. పండుగ మీదికొచ్చింది, డేగిశలు ఎవ్వడు తేవాలె, కట్టెలు ఎవ్వడు తేవాలె అని ఒక్క మాట లేదు. ఉస్తాద్‌ను మర్శిండు. మనుషులు గిట్లనే.

ఫిబ్రవరి 22, శనివారం, సాయంత్రం

పైన చదివిన. ఫోన్ చేసిండంట. అక్షరం నాదే.

కరెక్టే, చేసిండు. చేసిండని ఎర్కే. మల్ల చెయ్యలే అని నేను రాసింది.

మార్చి 2, ఆదివారం

యాదగిరి ఇంటికొచ్చిండు. సామాను లెక్క మాట్లాడినం. అంత అయినంక నేల చూసుకుంట, "ఉస్తాద్, గీసారి ఉప్పు నేను సూస్త. నువ్వు కూసో" అన్నడు.

వానికి తెల్వక అన్నడా, తెల్సి అన్నడా.

ఎల్లమ్మ పండుగ వంట అందరితోని కాదు. అమ్మోరికి ఇస్తారి పెట్టేదాక ఎవ్వరు కూర నాలికె మీద ఏస్కోవద్దు. ఏస్కుంటె ఎంగిలైతది, పండుగ చెడ్తది. రుచి చూడకుంట ఉప్పు పడాలె. గందుకే మా పనిల ఉల్లిగడ్డ ఎవ్వడన్న కోస్తడు, కారం ఎవ్వడన్న కలుపుతడు, ఉప్పు మాత్రం ఉస్తాద్‌ది. ఉస్తాద్ ఒక్కడే ఏస్తడు, ఒక్కసారే ఏస్తడు. ఆ టైంల పక్కనున్నోడు అటు చూడడు కూడ. వాని ఉస్తాద్ నేను, నా ఉస్తాద్ ఇంకోడు, అందరు గిట్లనే నేర్చుకున్నరు. నా జిందగీల ఒక్క పండుగల ఉప్పు తక్కువ కాలే, ఎక్కువ కాలే.

చాయ్ తాగి పో అన్న.

తాగిండు. పోయిండు.

మార్చి 7, శుక్రవారం

మేడ్చల్ అంగడికి ధనియాలు తేనీకె షేర్ ఆటో ఎక్కిన. మేడ్చల్ దాటినంక గుండ్లపోచంపల్లిల దిగిన. నా కొడుకు రవీందర్ ఆడనే గోదాముల బండి నడుపుతడు, సామాను ఎత్తి దించేది. కొడుకు పని ఎట్లుందో చూద్దామని దిగిన. గోదాములన్ని ఒక్క తీరుగ ఉన్నయి. ఎండల కొంచెం సేపు తిరిగిన. ఒక గేటు కాడ వాచ్‌మన్ కుర్చీ ఇచ్చి నా ఫోన్ తీస్కొని వానికి ఫోన్ చేసిండు.

రవీందర్ ఉరికొచ్చిండు. "నాయినా, ఈడికెందుకొచ్చినవ్?"

నిన్ను చూద్దామని అన్న.

"చేతిల సంచేంది?"

సంచి ఖాళీగ ఉన్నది. సంచి ఉంటె తప్పేంది.

మార్చి 8, శనివారం

రవీందర్ దీపకు చెప్పిండు. దీప నాకు చెప్పలే. నేను పక్క అర్రల ఉన్న, నాకు ఇనబడ్డది. "నిన్నంటె మనిషి దొరికిండు. రేపు కూర పాడైతె మా వాళ్ళ ముంగట ఎట్ల" అన్నది. "నాయిన జిందగీల ఉప్పు తప్పలే" అన్నడు రవీందర్. కొడుకు అంటె గట్లుండాలె.

మార్చి 16, ఆదివారం

గుండె ఇయ్యాల బాగ ఎగురుతాంది. డేగిశ మీద మూత ఎగిరినట్టు. మూతకైతె కింద మంట తగ్గిస్తం. దీనికి మంట యాడున్నదో ఎర్కలే.

గోళి ఏసుకున్న. ఏసుకున్ననా? ఏసుకున్న. దీప అడిగితె ఏసుకున్న అన్న.

రాత్రి ముగ్గురం కూసొని మాట్లాడినం. దీప షరతులు పెట్టింది. బరువు ఎత్తొద్దు. గోళీలు ఆమె చేతికెల్లే. ఆడ కూర తినొద్దు, నా తిండి ఆమె డబ్బల తెస్తది. కల్లు ముట్టొద్దు.

పండుగకు పోయి డబ్బ తినేటోన్ని నేనొక్కన్నే అయిత అన్న.

"నువ్వొక్కనివే గుండె ఖరాబైనోనివి కూడ" అన్నది.

ఒప్పుకున్న. కోడలు ముంగట కొడుకు ఇజ్జత్ పోవద్దని ఒప్పుకున్న.

మార్చి 23, ఆదివారం

పండుగ అయింది. మంచిగైంది. ఎండలు ముదిరినయి, మంది నీళ్ళు మస్తు తాగిన్రు. పడుకుంటున్న.

మార్చి 25, మంగళవారం

దవాఖానల ఉన్న. సోమవారం తెల్లారంగ ఊపిరి ఆడలే, పడుకుంటె నీళ్ళల్ల పడ్డట్టైంది. రవీందర్ మేడ్చల్ తీస్కొచ్చిండు. ముక్కుకు గొట్టం పెట్టిన్రు, నీళ్ళు దింపే సూది ఇచ్చిన్రు. ఇయ్యాల మంచిగున్నది. పుస్తకం తెమ్మన్న, తెచ్చిండు.

ఆదివారం సంగతి సక్కగ రాయలే. ఇప్పుడు రాస్త.

పొద్దుగాలనే శామీర్‌పేట పోయినం. యాదయ్య ఇంటెనక జాగల పందిరి ఏసిన్రు. యాదగిరి అప్పటికే బట్టీలు పెట్టిండు. కూర డేగిశ ముంగట నాకు ఒక ఉప్పు బస్తా వేసి, "ఉస్తాద్, కూసో, నువ్వు చెప్పు నేను చేస్త" అన్నడు. బస్తా మీద కూసొని చెప్పిన. ఉల్లిగడ్డ ఏగింది. తునకలు పడ్డయి. అల్లమెల్లిగడ్డ, పసుపు, కారం పడ్డయి. వాసన అంత సక్కగనే ఉన్నది. ఆడోళ్ళు బోనాలు తయారు చేస్తున్రు. బైండ్లోళ్ళు జమిడిక కొట్టుకుంట అమ్మోరి కత మొదలు పెట్టిన్రు.

ఉప్పు టైం అయింది. లేసిన. యాదగిరి తల పక్కకు తిప్పి కొత్తిమీర తెంపుతున్నడు, ఎప్పటి తీరే.

అప్పుడు గుండె మూత ఎగిరింది. కండ్లు చీకట్లు కమ్మినయి. జమిడిక మోత దూరం పోయింది. బస్తా మీద కూసున్న. ఎంత సేపు కూసున్ననో ఎర్కలే. మల్ల అంత కనబడ్డది. డేగిశల కూర ఉడుకుతాంది.

నా చేతికి ఉప్పు అంటి ఉన్నది.

ఏసినంక అంటిందా? ఏద్దామని తీస్తె అంటిందా?

చేతిని చూసిన. బస్తా చూసిన, మూతి ఇప్పి ఉన్నది. డేగిశ చూసిన. డేగిశ ఏం చెప్తది. గరిటెతోని తీసి నాలికె మీద ఏస్కుంటె ఒక్క చిటికెల తెల్సిపోతది. ఇంకా అమ్మోరికి పెట్టలే. ఎంగిలి. గంత మంది ఆడోళ్ళు ఉపాసం ఉన్నరు.

యాదగిరి దిక్కు చూసిన. వాడు కొత్తిమీర దిక్కు చూస్తున్నడు. యాదగిరీ, ఏసిననార అని నోటి దాక వచ్చింది. వాడు ఎప్పుడు నన్ను అడిగేటోడు. నేను వాన్ని ఏనాడు ఏమడగలే.

అడగలే. ఏసిన.

ఏసేటప్పుడు మనసుల మొదటిసారే అనిపిచ్చింది. నిజంగ.

అమ్మోరికి ఇస్తారి పెట్టిన్రు. అమ్మోరు ఏమనలే.

మొదటి బంతి కూసున్నది. నేను ఎప్పటి లెక్కనే బంతి మీద తిరిగిన. నా అలవాటు అందరికెర్కే. నేను ఎవ్వరింట్ల తిన్నా మొఖం మీద చెప్పేటోన్ని. మా సొంత తమ్ముని పెండ్లిల పప్పు మాడిందని పందిట్లనే చెప్పిన, వాడు రెండేండ్లు మాట్లాడలే. నాకు కూడ మొఖం మీదనే చెప్పాలె అంట. ఎట్లుందిర అని అడిగిన.

"మస్తుందే పర్వతాలన్న" అన్నడు ఒకడు, గిలాస నోటికి పెట్టుకొని.

"నీ చేతి వంటకు తిరుగుందా" అన్నది ఒక ముసలామె, వట్టి బగార బుక్కుకుంట. తునకలన్ని ఇస్తారి అంచుకు జరిగి ఉన్నయి.

"బావా, బాగున్నది బావా" అన్నడు యాదయ్య. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. సంతోషం అనుకున్న.

నీళ్ళు పోసేటోల్లు ఉరుకుతున్రు. ఎండ అనుకున్న.

రెండో బంతిల నేను కూసున్న. దీప డబ్బ తెచ్చి పక్కకు పెట్టి, పచ్చిపులుసు పోస్తానికి ఆ చివరకు పోయింది. పండుగ నాడు నా కూర నేను తినకపోవుడేంది అని డబ్బ జరిపిన. యాదగిరి కూర ఏసిండు. వద్దనలే వాడు, కండ్లు మాత్రం కిందికి ఏసిండు. బుక్క నోట్లె పెట్టుకున్న.

పెట్టుకోంగనే తెల్సింది.

తల ఎత్తి చూసిన. బంతి మొత్తం తలకాయలు ఇస్తార్లల్ల పెట్టి తింటున్రు. ఒక్కడు నా దిక్కు చూడలే. అందరికి ఎర్కున్నది. అందరు నాకు అబద్ధం చెప్పిన్రు, నేను ఇంటింటికి తిరిగి తప్పులు చెప్పినోన్ని. నా మొఖం మీద చెప్పనీకె ఒక్కనికి మనసు రాలే. ముసలోన్ని చూసి జాలి పడ్డరు.

గప్పుడు అనిపిచ్చింది పనైపోయిందని. ఉప్పు తోని కాదు. వాళ్ళ మర్యాద తోని.

రెండో బుక్క తిన్న. మూడోది తిన్న. నేను వండిన, నేను తినాలె. ఊరంత గుటుకు గుటుకున మింగుతుంటె నేను డబ్బ ముంగట కూసుంటనా. గొంతు మండుతాంది. తింటున్న. సగం ఇస్తారి అయింది.

"మామా, ఆగు."

దీప. పచ్చిపులుసు బకీటు చేతిల ఉన్నది. నేను ఆగలే.

"మామా, చాలు."

ఇంకో బుక్క పెట్టుకున్న.

బకీటు కింద పెట్టి వంగి, నా ముంగటి ఇస్తారి గుంజుకున్నది. అంత మందిల. ఒక తునక నా ధోతి మీద పడ్డది.

"ఉప్పు రెండుసార్లు పడ్డది!" అన్నది. మెల్లగ అనలే. "అందరికి ఎర్కే! గీ ఉప్పు గీయిన ఒంట్ల పడితె సస్తడు. మీరు మంచిగుంది మంచిగుంది అనుకుంట తినబెడ్తున్రు!"

జమిడిక కూడ ఆగింది.

"నోరు ముయ్యే" అన్నది వాళ్ళమ్మ.

"మామ ముంగటి ఇస్తారి గుంజుతవా? గిదేనా మేం నేర్పింది?" అన్నడు యాదయ్య.

"మీరేం నేర్పలే" అన్నది. యాదగిరి దిక్కు తిరిగింది. "అన్నా, గా కూర సూప్ సగం తీసి పక్కకు పెట్టు. ఆలుగడ్డలు, కొబ్బరి ఉప్పు లేకుంట ఉడకబెట్టి కలుపు. ఇంకో బంతి మిగిలింది."

యాదగిరి నా దిక్కు చూడకుంట పోయిండు. పని చేసిండు.

నేను నీళ్ళు అడిగిన.

సగం గిలాసే ఇచ్చింది.

మార్చి 26, బుధవారం

డాక్టర్ వచ్చిండు. ఇంత ఉప్పు ఎవ్వరు పెట్టిన్రు అన్నడు.

నేనే అన్న. ఉస్తాద్‌ను అన్న.

మార్చి 27, గురువారం

రవీందర్ మంచం పక్కన కూసొని దీపను తిడుతున్నడు. మా నాయిన ఇజ్జత్ తీసినవ్, క్షమాపణ చెప్పు అంటున్నడు. దీప మూలకు కూసొని గోళీలు డబ్బల సర్దుతాంది. పొద్దుగాలవి ఒక దిక్కు, రాత్రివి ఒక దిక్కు.

"నేను తప్పు చేస్తె కదా చెప్పేది" అన్నది.

నేను కూడ ఆమె తోని మాట్లాడుత లేను. కోపమున్నది. అంత మందిల గుంజింది. మెల్లగ చెవుల చెప్పొచ్చు కద.

చెవుల చెప్తె నేను ఆగేటోన్నా? ఆగేటోన్ని కాదు.

రవీందర్‌కు, "బయటికి పో, తలకాయ నొస్తాంది" అన్న. ఎవ్వల్ని పొమ్మన్ననో వానికి తెల్వలే. ఇద్దరు చూసిన్రు. నిన్నే, కొడుకును అన్న.

మార్చి 29, శనివారం

యాదయ్య పండ్లు పట్టుకొని వచ్చిండు. మంచం కాడ నిలబడి చేతులు కట్టుకున్నడు.

"బావా, పిల్ల తెల్వక చేసింది. కూర మంచిగనే ఉండె. ఏమంత ఉప్పు లేకుండె."

"యాదయ్య, నువ్వు ఎన్ని గిలాసల నీళ్ళు తాగినవ్?"

"ఎండ బావా."

"పందిరి కిందనే కూసుంటివి."

నవ్వుదామని చూసిండు, నవ్వు రాలే.

"యాదయ్య, మీ ఇంట్ల అందరు అబద్ధాలోళ్ళే. నిజం చెప్పేది ఒక్కతె ఉండె. గామెను మాకిచ్చిన్రు. మీకేం మిగల్లే."

యాదయ్య పండ్లు బల్ల మీద పెట్టి మెల్లగ పోయిండు. దీప మూలకు ఉన్నది. గోళీల డబ్బ మూత పెట్టింది, తీసింది, పెట్టింది.

"మామా, నీళ్ళ సీస తేవాల్నా?"

తే అన్న. ఇగ మాటలు మొదలైనయి.

ఏప్రిల్ 3, గురువారం

ఇంటికొచ్చినం. బరువు తగ్గింది. నడుస్తుంటె గోడ పట్టుకోవాలె. గోడలు దగ్గర దగ్గరనే ఉన్నయి, పర్వలేదు.

యాదగిరి వచ్చిండు. గడప కాడనే నిలబడ్డడు. లోపలికి రా అంటె రాడు.

"యాదగిరి, నేను రెండోసారి ఉప్పేస్తుంటె నువ్వు చూసినవా?"

వాడు గడప దిక్కు చూసిండు. "సూసిన ఉస్తాద్."

"మరి?"

"ఏదో కొత్త తరీక పెట్టినవేమో అనుకున్న."

వాన్ని తిడ్దామనుకున్న. గిట్ల చూడకుండ ఉండమని నేర్పింది నేనే. వాడు మంచి శిష్యుడు, నేర్పింది నేర్పినట్టు చేసిండు.

"ఇగ సంది చూడు" అన్న.

"సూసినా అడగలేను ఉస్తాద్" అన్నడు. వాని కండ్లల్ల నిజంగనే భయం ఉన్నది. ఇరువై ఏండ్ల అలవాటు. వాని తోని కాదు.

ఏప్రిల్ 5, శనివారం

మేడ్చల్ కెల్లి ఎవ్వరు ఫోన్ చెయ్యలే. శామీర్‌పేట కెల్లి చెయ్యలే.

దీపను వంటింట్ల చూసిన. పప్పుల అందరికి ఉప్పేసేముందు నా వాటా పక్క గిన్నెల తీసింది. తర్వాత ఉప్పేసింది. వేసినంక డబ్బ మూత గట్టిగ పెట్టి, "ఏసిన" అని పైకే అన్నది. ఎవ్వరికి చెప్పినవ్ అన్న.

"నాకే మామా. ఫోన్ మోగితె మర్శిపోత, గందుకే పైకి అనుకుంట."

వయసు ముప్పై ఐదు ఉండదు. పైకి అనుకుంటదంట.

ఏప్రిల్ 8, మంగళవారం

ఫోన్ వచ్చింది. శ్రీనివాసరావు అంట, దుండిగల్ దగ్గర కొత్త కాలనీల ఉంటడు, ఆంధ్ర కెల్లి వచ్చి ఈడ నౌకరి చేస్తున్నడు. గృహప్రవేశం అయినంక ఆఫీసోల్లకు తెలంగాణ యాట కూర పెడ్తరంట. నా సంగతి ఆయినకు ఎర్కలేనట్టుంది. దూరపోడు.

"మాస్టారూ, మీరే స్వయంగా వండుతారు కదండీ? మీ చేతి వంట అని గొప్పగా చెప్పారండీ" అన్నడు.

దీప ఆడనే ఉల్లిగడ్డ కోస్తాంది. చెయ్యి ఆపింది.

వస్త అన్న. వండేది యాదగిరి అన్న. నేను పక్కన కూసొని ఎట్ల చెయ్యాల్నో చెప్త అన్న. ఉప్పు మాత్రం నా కోడలు ఏస్తది అన్న.

"మామా, నాకు గంత మందికి ఏసుడు రాదు" అన్నది దీప, ఫోన్ ఇనబడేటట్టే.

ఫోన్ చెవి కాడికెల్లి తియ్యలే. నేర్పుత అన్న. ఆమెకు అన్ననో ఫోన్‌ల ఆయినకు అన్ననో.

"అలాగేనండీ. కోడలుగారికి అనుభవం ఉందా అండీ?" అన్నడు ఆయిన, కొంచెం భయపడి.

లేదు అన్న. మర్యాద కూడ లేదు. నా కూర బాగలేకపోతె అందరి ముంగట ఇస్తారి గుంజుకుంటది. గందుకే తీస్కొస్తున్న.